ఇండెక్స్ వాడకాన్ని రోజుల తరబడి గమనించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇండెక్స్ వాడకం లెక్కలు డేటాబేస్ దగ్గరే ఉంటాయి కదా, మళ్ళీ విడిగా దాచుకోవడం దేనికి?

ఇండెక్స్ అంటే టేబుల్ మొత్తం చదవకుండానే కావలసిన వరుసలను వెతికిపెట్టే సూచిక. దాన్ని ఎన్నిసార్లు వాడారో డేటాబేస్ లెక్కపెడుతుంది. కానీ డేటాబేస్ చూపించేది లెక్క మొదలైన క్షణం నుంచి కూడుతూ వచ్చిన మొత్తాన్ని మాత్రమే. కరెంటు మీటరు మీద 48,210 అని కనిపిస్తే ఈ నెల ఎంత కాలిందో చెప్పలేం. పోయిన నెల రీడింగు పక్కన ఉంటేనే చెప్పగలం. ఇక్కడా అంతే. ఒక ఇండెక్సును 9 లక్షల సార్లు వాడారని కనిపించినా, ఆ వాడకం మొత్తం రెండు నెలల కిందటే ఆగిపోయి ఉండవచ్చు. ఇంకో ఇండెక్సుకు 40 మాత్రమే ఉన్నా, ఆ నలభై నెలాఖరు రిపోర్టుకు ప్రాణాధారం కావచ్చు.

పైగా ఈ లెక్కలు ఎప్పుడు చెరిగిపోతాయో మన చేతిలో ఉండదు. "మంగళవారం ఉదయం 11 నుంచి సిస్టమ్ నెమ్మదించింది" అనే ఫిర్యాదు బుధవారం మన దాకా వస్తుంది. ఈలోగా ఎవరో సర్వరు రీస్టార్ట్ చేసి ఉంటారు. మంగళవారం 10కీ 12కీ తీసిన రెండు రీడింగులు మన టేబుల్లో ఉంటేనే దర్యాప్తుకు ఆధారం దొరుకుతుంది.

ఏ డేటాబేస్‌లో ఈ లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సిస్.డీఎం_డీబీ_ఇండెక్స్_యూసేజ్_స్టాట్స్ అనే వ్యూ. సీకులు (ఇండెక్సులో నేరుగా వెతకడాలు), స్కాన్లు (మొత్తం చదవడాలు), లుకప్పులు (ఇండెక్సులో లేని కాలమ్‌ల కోసం అసలు టేబుల్‌కు వెళ్ళడాలు), అప్‌డేట్లు (రాతలు) వేర్వేరు కాలమ్‌లలో ఉంటాయి, ఒక్కొక్కటి చివరిసారి ఎప్పుడు జరిగిందో కూడా ఉంటుంది. ఒక చిక్కుంది: ఒక్కసారైనా వాడని ఇండెక్సుకు ఇందులో వరుసే ఉండదు. అందుకే అన్ని ఇండెక్సుల జాబితా ఉండే సిస్.ఇండెక్సెస్ నుంచి మొదలుపెట్టి దీన్ని లెఫ్ట్ జాయిన్ చేయాలి. ఇన్నర్ జాయిన్ చేస్తే మీరు వెతుకుతున్న ఇండెక్సులే జాబితాలోంచి మాయమవుతాయి. డేటాబేస్ ఐడీ మీద ఫిల్టర్ కూడా మర్చిపోకూడదు. ఈ వ్యూ సర్వరులోని అన్ని డేటాబేసులనూ కలిపి చూపిస్తుంది, ఆబ్జెక్ట్ ఐడీలేమో ఒక డేటాబేస్ నుంచి ఇంకోదానికి కలిసిపోవచ్చు.

పోస్ట్‌గ్రెస్‌లో పీజీ_స్టాట్_యూజర్_ఇండెక్సెస్. ముఖ్యమైన కాలమ్ ఐడీఎక్స్_స్కాన్. 16వ వెర్షన్ నుంచి చివరి స్కాన్ సమయం కూడా వచ్చింది. ఎన్ని బ్లాకులు మెమరీలో దొరికాయి, ఎన్ని బయటి నుంచి చదవాల్సి వచ్చింది అన్నది పీజీ_స్టాట్ఐఓ_యూజర్_ఇండెక్సెస్‌లో ఉంటుంది.

మైఎస్‌క్యూఎల్‌లో పర్ఫార్మెన్స్ స్కీమాలోని టేబుల్_ఐఓ_వెయిట్స్_సమ్మరీ_బై_ఇండెక్స్_యూసేజ్. దాని మీదే కట్టిన సులువైన వ్యూలు సిస్ స్కీమాలో ఉన్నాయి: వాడని ఇండెక్సులకు ఒకటి, ఇండెక్స్ గణాంకాలకు ఒకటి.

ఒరాకిల్ 12.2 నుంచి డీబీఏ_ఇండెక్స్_యూసేజ్ ఉంది. మెమరీలోని లెక్కలు 15 నిమిషాలకోసారి ఇందులోకి చేరతాయి. అప్రమేయంగా ఇది నమూనా పద్ధతిలోనే లెక్కిస్తుంది కాబట్టి అంకెలను ఉజ్జాయింపుగానే చూడాలి. అంతకుముందు వెర్షన్లలో ఉన్న మానిటరింగ్ యూసేజ్ పద్ధతి వాడారా లేదా అన్నంత వరకే చెబుతుంది, ఎన్నిసార్లో చెప్పదు.

మాంగోడీబీలో 3.2 నుంచి ఇండెక్స్‌స్టాట్స్ అనే అగ్రిగేషన్ దశ ఉంది. లెక్కతోపాటు అది ఎప్పటి నుంచి మొదలైందో కూడా ఇస్తుంది. మిగతావాళ్ళూ ఇలా ఇచ్చి ఉంటే సగం తలనొప్పి తగ్గేది.

కౌంటర్లు ఎప్పుడెప్పుడు సున్నాకు వస్తాయి?

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సర్వీస్ రీస్టార్ట్ అయితే అన్నీ పోతాయి. డేటాబేసును డిటాచ్ చేసినా, ఆటో క్లోజ్ (వాడేవాళ్ళు లేనప్పుడు డేటాబేసును మూసేసే సెట్టింగు) ఆన్‌లో ఉండి డేటాబేస్ మూతపడినా, ఆ డేటాబేస్ లెక్కలు పోతాయి. 2012, 2014 వెర్షన్ల పాత బిల్డులలో ఇంకో బగ్ ఉండేది: ఇండెక్సును రీబిల్డ్ చేస్తే దాని లెక్కలు చెరిగిపోయేవి. తర్వాతి సర్వీస్ ప్యాకులలో సరిచేశారు. ఇప్పటికీ ఆ పాత బిల్డుల మీద నడుస్తున్న సర్వర్లలో వారం వారం మెయింటెనెన్స్ జాబ్ ఉంటే, అన్ని ఇండెక్సులూ వారానికి మించి వయసు లేనట్టు కనిపిస్తాయి.

పోస్ట్‌గ్రెస్‌లో మామూలుగా ఆపి మొదలుపెడితే లెక్కలు నిలుస్తాయి. క్రాష్ అయినా, ఇమీడియెట్ మోడ్‌లో ఆపినా, బ్యాకప్ నుంచి రికవరీ చేసినా సున్నా నుంచి మొదలు. పీజీ_స్టాట్_రీసెట్ నడిపితే ఎలాగూ పోతాయి. పీజీ_అప్‌గ్రేడ్‌తో కొత్త వెర్షన్‌కు వెళ్ళినప్పుడు కూడా ఈ లెక్కలు వెంట రావు.

మైఎస్‌క్యూఎల్‌లో రీస్టార్ట్‌తో పోతాయి, ఆ సమ్మరీ టేబుల్‌ను ట్రంకేట్ చేసినా పోతాయి. అసలు టేబుల్ మీద ఇండెక్సుల నిర్మాణం మార్చే ఆల్టర్ నడిపితే దాని ఇండెక్స్ లెక్కలు రీసెట్ కావచ్చు. మాంగోడీబీలో సర్వర్ ప్రాసెస్ రీస్టార్ట్ అయినా, ఇండెక్స్ తీసి మళ్ళీ కట్టినా కొత్త లెక్క. ఒరాకిల్ డీబీఏ_ఇండెక్స్_యూసేజ్ మాత్రం డిస్క్ మీదే ఉంటుంది కాబట్టి రీస్టార్ట్‌కు చెదరదు.

స్నాప్‌షాట్ టేబుల్లో ఏమేం ఉండాలి?

స్నాప్‌షాట్ అంటే ఒక సమయానికి తీసి దాచుకున్న రీడింగు. కనీసం ఇవి: స్నాప్‌షాట్ తీసిన సమయం (యూటీసీలో), సర్వర్ పేరు, డేటాబేస్, స్కీమా, టేబుల్, ఇండెక్స్ పేర్లు, చదువుల లెక్కలు, రాతల లెక్క, ఇండెక్స్ సైజు, టేబుల్లోని వరుసల సంఖ్య, ఆ సమయానికి సర్వర్ ఎప్పుడు మొదలైందో.

ఐడీలు ఒక్కటే దాచుకుంటే సరిపోదు, పేర్లూ దాచాలి. ఇండెక్సును డ్రాప్ చేసి అదే పేరుతో మళ్ళీ కడితే పోస్ట్‌గ్రెస్‌లో ఓఐడీ (దాని అంతర్గత ఐడీ) మారిపోతుంది. పేరు ఒక్కటే ఉంటే రెండు వేర్వేరు ఇండెక్సులు ఒకటిగా కలిసిపోతాయి, ఐడీ ఒక్కటే ఉంటే అది ఏ ఇండెక్సో ఆరు నెలల తర్వాత ఎవరికీ తెలియదు. రెండూ ఉండాలి. ఇండెక్స్ నిర్వచనాన్ని కూడా ఒక పక్క టేబుల్లో, మారినప్పుడల్లా ఒక వరుస చొప్పున, రాసి ఉంచితే మంచిది. "ఈ ఇండెక్సులో ఇంక్లూడ్ కాలమ్‌లు ఎప్పుడు తీసేశారు?" అన్న ప్రశ్నకు ఇంకెక్కడా జవాబు దొరకదు.

ఈ టేబుల్‌ను గమనిస్తున్న డేటాబేసులోనే పెట్టకండి. ఆ డేటాబేసును పాత బ్యాకప్ నుంచి రీస్టోర్ చేసిన రోజే మీకు చరిత్ర కావాలి, అదే రోజు అది పోతుంది.

ఎంత తరచుగా తీయాలి? చోటు ఎంత పడుతుంది?

గంటకోసారి తీస్తే ఎక్కువ అవసరాలకు చాలు. 2,000 ఇండెక్సులున్న డేటాబేసుకు గంటకోసారి చొప్పున 90 రోజులకు 43.2 లక్షల వరుసలు. వరుసకు సుమారు 100 బైట్లు అనుకుంటే 430 మెగాబైట్ల చుట్టుపక్కల. 15 నిమిషాలకోసారి అయితే దానికి నాలుగింతలు. ముందటి స్నాప్‌షాట్‌తో పోలిస్తే ఏ లెక్కా మారని ఇండెక్సుకు కొత్త వరుస రాయకపోతే ఇందులో పెద్ద భాగం మిగులుతుంది. అలా చేసేటప్పుడు స్నాప్‌షాట్ అసలు జరిగిందని చెప్పే హెడర్ వరుస మాత్రం తప్పకుండా రాయాలి. లేకపోతే "వాడకం లేదు", "జాబ్ నడవలేదు" అనే రెండింటికీ తేడా తెలియదు.

90 రోజులు దాటినవాటిని రోజుకో వరుసగా కుదించి 13 నెలలు ఉంచడం నయం. 12 కాదు 13, ఎందుకంటే ఏడాది చివరి పనులను కిందటి ఏడాది అదే సమయంతో పోల్చాలంటే కొంచెం అంచు కావాలి.

తేడాలు ఎలా లెక్కించాలి? రీసెట్ అయితే మైనస్ అంకెలు వస్తున్నాయి.

విండో ఫంక్షన్ లాగ్‌తో ముందటి విలువను పక్కకు తెచ్చుకుని తీసేయడమే. కొత్త విలువ పాతదానికంటే తక్కువగా ఉంటే మధ్యలో రీసెట్ అయినట్టు. అప్పుడు తేడాగా కొత్త విలువనే తీసుకోవాలి. రీసెట్‌కు ముందు కొద్దిసేపు జరిగింది పోతుంది, దానికి చేయగలిగిందేమీ లేదు.

ఈ పరీక్ష ఒక్కటే పెట్టుకుంటే దొరకని తప్పు ఒకటుంది. 10 గంటలకు కౌంటర్ 900. 10:10కి రీస్టార్ట్. 11 గంటలకు కౌంటర్ 1,200. విలువ పెరిగింది కాబట్టి మీ క్వెరీ తేడా 300 అంటుంది, నిజానికి రీస్టార్ట్ తర్వాతే 1,200 జరిగాయి. అందుకే ప్రతి స్నాప్‌షాట్‌తో సర్వర్ మొదలైన సమయం కూడా దాచాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అది సిస్.డీఎం_ఓఎస్_సిస్_ఇన్ఫోలో ఉంటుంది. ఆ సమయం మారితే, విలువ పెరిగినా తగ్గినా, రీసెట్ అయినట్టే లెక్క.

పోస్ట్‌గ్రెస్‌లో మొదలైన సమయం ఒక్కటే నమ్మదగ్గ గుర్తు కాదు. మామూలు రీస్టార్ట్‌కు అది మారినా లెక్కలు అలాగే ఉంటాయి. ఒక బ్యాకెండ్ (ఒక కనెక్షన్‌ను చూసుకునే ప్రాసెస్) కూలిపోయి రికవరీ జరిగితే లెక్కలు పోతాయి, పోస్ట్‌మాస్టర్ (ప్రధాన ప్రాసెస్) మొదలైన సమయం మాత్రం మారదు. అక్కడ పీజీ_స్టాట్_డేటాబేస్‌లోని కమిట్ల మొత్తాన్ని ప్రతి స్నాప్‌షాట్‌తో పాటు రాసుకోవడం పనికొచ్చే ఉపాయం. నెలల తరబడి పెరిగిన అంకె గంటలో మళ్ళీ అంత ఎత్తుకు చేరలేదు. అది తగ్గిందంటే మొత్తం డేటాబేస్ లెక్కలు రీసెట్ అయినట్టే.

ఒకే పనికి రెండు డేటాబేసుల్లో అంకెలు ఇంత తేడాగా ఎందుకున్నాయి?

లెక్కించే కొలమానమే వేరు. నెస్టెడ్ లూప్ జాయిన్ ఒకటి తీసుకుందాం. బయటి టేబుల్ నుంచి 5,000 వరుసలు వస్తాయి, ఒక్కోదానికి లోపలి టేబుల్ ఇండెక్సులో ఒక వెతుకులాట.

ఎస్‌క్యూఎల్ సర్వర్ యూసేజ్ స్టాట్స్‌లో దీనికి సీకుల కింద పెరిగేది 1. ఆ ఇండెక్స్ ఉన్న ప్లాన్ (క్వెరీని ఏ అడుగుల్లో నడపాలో డేటాబేస్ వేసుకున్న పథకం) ఒకసారి నడిచింది, అంతే దానికి కావలసింది. ప్లాన్‌లోని ఆ ఆపరేటర్ (అడుగు) ఎన్నిసార్లు తిరిగిందన్నది దానికి పట్టదు. ప్లాన్‌లో ఉండి, నడిచేటప్పుడు అసలు ఆ కొమ్మ దాకా వెళ్ళకపోయినా 1 పెరుగుతుంది. నిజంగా జరిగిన 5,000 వెతుకులాటలు కావాలంటే సిస్.డీఎం_డీబీ_ఇండెక్స్_ఆపరేషనల్_స్టాట్స్ చూడాలి. అది మెటాడేటా క్యాష్ మీద ఆధారపడింది, టేబుల్ క్యాష్ నుంచి బయటికి పోతే దాని లెక్క కూడా పోతుంది. కాబట్టి రీసెట్ పరీక్ష దానికి ఇండెక్స్ వారీగా పెట్టాలి.

పోస్ట్‌గ్రెస్‌లో అదే జాయిన్‌కు ఐడీఎక్స్_స్కాన్ 5,000 పెరుగుతుంది. ప్లాన్‌లో మెమోయిజ్ (ఇంతకుముందు వెతికిన ఫలితాన్ని గుర్తుంచుకునే అడుగు) ఉంటే అంతకంటే తక్కువ. ఒక కాలమ్‌ను విలువల జాబితాతో పోల్చే క్వెరీ ఒక్కసారి నడిచినా ఒకటికి మించి స్కాన్లుగా నమోదు కావచ్చు. మైఎస్‌క్యూఎల్ లెక్కించేది ఫెచ్ చేసిన వరుసలను. మూడు సిస్టమ్‌ల అంకెలను ఒకే గ్రాఫ్ మీద పెట్టే డాష్‌బోర్డులు చూడ్డానికి బాగుంటాయి, అర్థం మాత్రం ఉండదు.

రాతల విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఒకే స్టేట్‌మెంట్ 10,000 వరుసలు మార్చినా యూజర్ అప్‌డేట్స్ పెరిగేది 1.

నిన్నటిదాకా బాగున్న పేజీ ఈరోజు నెమ్మదించింది. ఈ చరిత్రను ఎలా వాడాలి?

ముందు ఆ పేజీ తాకే టేబుల్‌లోని అన్ని ఇండెక్సుల గంటవారీ తేడాలను, నిన్న అదే గంటలతోనూ కిందటి వారం అదే రోజుతోనూ పక్కపక్కన పెట్టండి. ఒక్క ఇండెక్సును మాత్రమే చూడకండి. కథ ఎప్పుడూ రెండు ఇండెక్సుల మధ్యే నడుస్తుంది.

ఆర్డర్ల టేబుల్ అనుకుందాం. కస్టమర్ ఐడీ మీది ఇండెక్సుకు గంటకు 40,000 సీకులు వస్తుండేవి, 11 తర్వాత 300కి పడ్డాయి. అదే గంటలో క్లస్టర్డ్ ఇండెక్స్ (టేబుల్ డేటానే తనలో ఉంచుకునే ఇండెక్స్) స్కాన్లు 5 నుంచి 39,000 దాటాయి. ఒకదాంట్లో పోయినంత ఇంకోదాంట్లో తేలింది. అంటే క్వెరీలు తగ్గలేదు, ప్లాన్ మారింది. ఇక వెతకాల్సింది 11 గంటల ప్రాంతంలో ఏం మారిందన్నది.

ఎక్కువగా దొరికే కారణాలు కొన్నే. స్టాటిస్టిక్స్ (ప్లాన్ ఎంచుకోవడానికి వాడే డేటా అంచనాలు) అప్‌డేట్ అయి ప్లాన్ మళ్ళీ కంపైల్ అయింది, ఆ సమయానికి వచ్చిన పారామీటర్ విలువ అసాధారణమైనది, ఆ ప్లానే అందరికీ అంటుకుంది. లేదా కొత్త కోడ్ విడుదలైంది, అందులో పారామీటర్ రకం మారింది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో వార్‌చార్ కాలమ్‌కు ఎన్‌వార్‌చార్ పారామీటర్ పంపితే, ఎస్‌క్యూఎల్ కొలేషన్లు (అక్షరాలను పోల్చే నియమాలు) ఉన్న చోట సీక్ కాస్తా స్కాన్ అవుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో పూర్ణసంఖ్య కాలమ్‌ను న్యూమరిక్ పారామీటర్‌తో పోలిస్తే ఆ ఇండెక్స్ పనికిరాదు. మైఎస్‌క్యూఎల్‌లో వార్‌చార్ కాలమ్‌ను కోట్స్ లేని అంకెతో పోలిస్తే అదే గతి. ఇవేవీ కాకపోతే ఇండెక్సునే ఎవరో డ్రాప్ చేశారో డిసేబుల్ చేశారో చూడండి. ఇది మొదట చూడాల్సింది, చివర గుర్తొస్తుంది.

ఇతర రూపాలూ ఉన్నాయి. లుకప్పులు ఒక్కసారిగా పెరిగి, ఒక నాన్‌క్లస్టర్డ్ ఇండెక్స్ సీకులతో సమానంగా నడుస్తుంటే, క్వెరీలో కొత్త కాలమ్ చేరింది, ఇండెక్స్ దాన్ని కవర్ చేయడం లేదు. టేబుల్‌లోని అన్ని ఇండెక్సుల వాడకమూ ఒకే దామాషాలో పడిపోతే అది ఇండెక్స్ సమస్య కాదు, రిక్వెస్టులే డేటాబేస్ దాకా రావడం లేదు. లెక్కలన్నీ నిన్నటిలాగే ఉండి వేగం మాత్రమే తగ్గితే లాకుల కోసం, డిస్క్ కోసం వెయిటింగ్ చూడాలి. ఆపరేషనల్ స్టాట్స్‌లో రో లాక్ వెయిట్, పేజ్ ఐఓ లాచ్ వెయిట్ మిల్లీసెకన్లు ఇండెక్స్ వారీగా ఉంటాయి, వాటినీ స్నాప్‌షాట్‌లో చేర్చడానికి అసలు కారణం ఇదే.

ఈ లెక్కలు ఏ క్వెరీ అన్నది చెప్పవు. దానికి అదే సమయానికి క్వెరీ వారీ లెక్కలు, అంటే ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో క్వెరీ స్టోర్, లేదా పోస్ట్‌గ్రెస్‌లో పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ స్నాప్‌షాట్ పక్కన పెట్టుకోవాలి. రెండోది ప్లాన్‌ను దాచదు కాబట్టి పోస్ట్‌గ్రెస్‌లో ఆటో_ఎక్స్‌ప్లెయిన్ (ప్లాన్‌ను లాగ్‌లో రాసేది) కూడా ముందుగానే ఆన్ చేసి ఉండాలి.

పెద్ద రిపోర్ట్ నడుస్తోంది, అయినా పోస్ట్‌గ్రెస్ కౌంటర్ కదలడం లేదు. ఎందుకు?

ఇంకా నడుస్తున్న క్వెరీ, ట్రాన్సాక్షన్ చేసిన పని మొత్తంలో కనిపించదు. సెషన్ ఖాళీ అయ్యే ముందు తన లెక్కలను అప్పజెబుతుంది, అది కూడా సెకనుకోసారికి మించకుండా. మూడు గంటలు నడిచిన రిపోర్ట్ వాడకమంతా అది ముగిసిన గంట ఖాతాలో పడుతుంది. గ్రాఫ్‌లో ఒంటరి శిఖరం కనిపిస్తే ముందు ఇది గుర్తుంచుకోండి.

వాడకం సున్నా అని తేలింది. డ్రాప్ చేసేయొచ్చా?

వెంటనే వద్దు. సున్నా అంటే "ఈ సర్వరులో, ఈ కాలంలో, ఈ రకం లెక్క ప్రకారం ఎవరూ చదవలేదు" అని మాత్రమే.

యునీక్ ఇండెక్సులు మొదటి మినహాయింపు. ఇన్సర్ట్ సమయంలో నకళ్ళు ఉన్నాయా అని చూసే పనిని పోస్ట్‌గ్రెస్ ఐడీఎక్స్_స్కాన్ కింద లెక్కపెట్టదు. స్కాన్లు సున్నా అయినా ఆ ఇండెక్స్ రోజంతా డేటాను కాపాడుతూనే ఉంటుంది. పైగా యునీక్ అన్న సమాచారాన్ని ఆప్టిమైజర్ ప్లాన్ ఎంచుకోవడానికి వాడుకుంటుంది, ఇండెక్సును తాకకుండానే.

ఫారిన్ కీ కాలమ్‌లు, అంటే చైల్డ్ టేబుల్ నుంచి పేరెంట్ టేబుల్ వరుసను సూచించే కాలమ్‌ల మీదివి రెండోది. ఒరాకిల్‌లో చైల్డ్ టేబుల్ ఫారిన్ కీకి ఇండెక్స్ లేకపోతే, పేరెంట్‌లో వరుస తొలగించేటప్పుడు చైల్డ్ టేబుల్ మొత్తానికి లాక్ పడుతుంది. మిగతా చోట్ల పేరెంట్ డిలీట్ అయిన ప్రతిసారీ చైల్డ్ టేబుల్‌ను మొత్తం చదవాల్సి రావచ్చు. పేరెంట్ డిలీట్‌లు మూడు నెలలకోసారి జరిగే సిస్టమ్‌లో ఇది మూడు నెలల తర్వాత బయటపడుతుంది. మైఎస్‌క్యూఎల్ స్టోరేజ్ ఇంజిన్ ఇన్నోడీబీ మాత్రం ఫారిన్ కీకి అవసరమైన ఇండెక్సును అసలు డ్రాప్ చేయనివ్వదు.

మూడోది రెప్లికాలు (ప్రైమరీ సర్వర్‌కు నకలుగా నడిచే సర్వర్లు). ఏ సర్వర్ లెక్క ఆ సర్వర్‌దే. రిపోర్టులు రెప్లికా మీద నడుస్తుంటే ప్రైమరీలో ఆ ఇండెక్సులకు సున్నాయే కనిపిస్తుంది. అన్ని నోడ్‌ల లెక్కలనూ కలిపాకే తీర్పు. ఫెయిలోవర్ జరిగితే ప్రైమరీ పాత్ర మారుతుంది, అందుకే టేబుల్లో సర్వర్ పేరుతోపాటు ఆ సమయానికి దాని పాత్ర కూడా రాసుకోవాలి.

కాలమ్ మీద కాకుండా దాని నుంచి లెక్కించిన విలువ మీద కట్టే ఎక్స్‌ప్రెషన్ ఇండెక్సులు ఇంకో రకం. పోస్ట్‌గ్రెస్‌లో ఆ ఎక్స్‌ప్రెషన్ మీద స్టాటిస్టిక్స్ సాధారణంగా ఆ ఇండెక్స్ ద్వారానే తయారవుతాయి. ఇండెక్స్ పోతే అంచనాలు చెడి, సంబంధం లేనట్టు కనిపించే క్వెరీ ప్లాన్ మారుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇండెక్స్ హింట్‌లున్న (ఫలానా ఇండెక్సే వాడమని పేరుతో చెప్పిన) క్వెరీలు నెమ్మదించడం కాదు, నేరుగా ఎర్రర్ ఇస్తాయి. డ్రాప్ చేసే ముందు కోడ్ అంతటా ఇండెక్స్ పేరు వెతకండి.

అయితే సున్నా కానివన్నీ వాడుతున్నట్టేనా?

అదీ కాదు. పోస్ట్‌గ్రెస్ ప్లానర్ స్టాటిస్టిక్స్ పరిధి దాటిన విలువ కనిపిస్తే ఇండెక్సు కొసను తొంగి చూస్తుంది, అది కూడా స్కాన్‌గానే నమోదవుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సిస్టమ్ స్కాన్స్ వేరే కాలమ్, స్టాటిస్టిక్స్ అప్‌డేట్ లాంటి అంతర్గత పనులవి. వాటిని యూజర్ వాడకంలో కలపకూడదు.

ఇంకా, (ఎ) మీద ఒకటి, (ఎ, బి) మీద ఒకటి ఉంటే రెండింటికీ వాడకం కనిపిస్తుంది. మొదటిది లేకపోయినా ఆ పని రెండోది చేయగలదు. వాడకం లెక్కలు దీన్ని పట్టుకోలేవు. నిర్వచనాలను పోల్చి చూడాల్సిందే.

డ్రాప్ చేయడానికి సురక్షితమైన వరుస ఏది?

నిర్వచనాన్ని స్క్రిప్టుగా దాచండి. ఒక పూర్తి పని చక్రం గడవనివ్వండి. నెలాఖరు, త్రైమాసికం రెండూ అందులో ఉండాలి, ఏడాదికోసారి నడిచే జాబులున్న టేబుల్ అయితే వాటి కోడ్‌ను విడిగా చదవండి. తర్వాత ఇండెక్సును దాచిపెట్టండి: మైఎస్‌క్యూఎల్ 8.0లోనూ ఒరాకిల్ 11జీ నుంచీ ఇన్విజిబుల్, మాంగోడీబీ 4.4 నుంచి హిడెన్. ఆ స్థితిలో రాతలు ఇండెక్సులోకి వెళుతూనే ఉంటాయి, ఆప్టిమైజర్‌కు మాత్రం కనబడదు. తేడా వస్తే క్షణంలో వెనక్కి తేవచ్చు. రెండు మూడు వారాలు ఫిర్యాదు లేకపోతే అప్పుడు డ్రాప్.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇలాంటి సౌకర్యం లేదు. డిసేబుల్ చేస్తే డేటా పోయి నిర్వచనం మిగులుతుంది, తిరిగి కావాలంటే రీబిల్డ్ చేయాలి. పెద్ద టేబుల్ మీద దానికి పట్టే సమయం ముందే అంచనా వేసుకోండి. క్లస్టర్డ్ ఇండెక్సును పొరపాటున డిసేబుల్ చేస్తే టేబులే అందుబాటులో లేకుండా పోతుంది. పోస్ట్‌గ్రెస్‌లో కేటలాగ్‌ను చేత్తో మార్చి ఇండెక్సును చెల్లనిదిగా గుర్తు పెట్టే చిట్కా తిరుగుతుంటుంది. ప్రొడక్షన్‌లో దాని జోలికి పోవద్దు. టేబుల్ మీద నడిచే పనిని ఆపని డ్రాప్ ఇండెక్స్ కంకరెంట్లీ వాడండి, మళ్ళీ కట్టాల్సి వస్తే క్రియేట్ ఇండెక్స్ కంకరెంట్లీ.

పోస్ట్‌గ్రెస్‌లో ఇండెక్స్ వారీగా రాతల లెక్క లేదు. ఖర్చు ఎలా తెలుస్తుంది?

టేబుల్ లెక్కల నుంచి రాబట్టాలి. పీజీ_స్టాట్_యూజర్_టేబుల్స్‌లోని ఇన్సర్ట్‌లకు, హాట్ (ఇండెక్సులను ముట్టుకోకుండా జరిగేవి) కాని అప్‌డేట్‌లను కలపండి. మొత్తం అప్‌డేట్‌లలోంచి హాట్ అప్‌డేట్‌లు తీసేస్తే అవి వస్తాయి. పార్షియల్ ఇండెక్సులను (కొన్ని వరుసలకే కట్టినవి) పక్కన పెడితే, టేబుల్‌లోని ప్రతి ఇండెక్సూ దాదాపు అన్నిసార్లు రాత భారం మోస్తోంది. తరచూ మారే కాలమ్ మీద ఇండెక్స్ కడితే హాట్ వాటా పడిపోతుంది, అప్పుడు మిగతా ఇండెక్సులన్నింటికీ పని పెరుగుతుంది. కొత్త ఇండెక్స్ కట్టిన రోజుకు ముందూ తర్వాతా హాట్ శాతాన్ని పోల్చి చూడటం వల్ల ఇది వెంటనే తెలుస్తుంది.

మిస్సింగ్ ఇండెక్స్ సూచనలను కూడా స్నాప్‌షాట్ తీయాలా?

ఫలానా ఇండెక్స్ ఉంటే బాగుండేదని డేటాబేస్ తానే ఇచ్చే సూచనలివి. ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే తీయండి, అవీ రీస్టార్ట్‌తో పోతాయి, ఒకేసారి 600 వరకే దాస్తుంది. అయితే వాటిని యథాతథంగా అమలు చేయకండి. కీ కాలమ్‌ల క్రమం గురించి ఆ సూచన ఏమీ చెప్పదు, ఇప్పటికే ఉన్న ఇండెక్సుకు ఒక కాలమ్ చేరిస్తే సరిపోతుందా అన్నదీ చూడదు. వారాల తరబడి ప్రతిరోజూ తిరిగి వచ్చే సూచనలనే పట్టించుకోవాలి.

ఇవన్నీ సేకరించడం వల్ల సర్వర్ మీద భారం పడుతుందా? అనుమతులేమిటి?

యూసేజ్ వ్యూ చదవడం తేలిక. భారమయ్యేది దాంతోపాటు ఫ్రాగ్మెంటేషన్ (ఇండెక్స్ పేజీలు చెదిరిన తీరు) కూడా గంటగంటకీ కొలిచినప్పుడే. అది ఇండెక్స్ పేజీలను నిజంగా చదువుతుంది కాబట్టి వారానికోసారి, రద్దీ లేని సమయంలో విడి జాబుగా పెట్టండి. అనుమతి విషయానికొస్తే ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో యూసేజ్ వ్యూ చదవడానికి వ్యూ సర్వర్ స్టేట్ చాలు, 2022లో వ్యూ సర్వర్ పర్ఫార్మెన్స్ స్టేట్. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ_మానిటర్ పాత్ర ఇచ్చిన యూజర్ సరిపోతుంది. స్నాప్‌షాట్ జాబుకు అడ్మిన్ ఖాతా ఇవ్వాల్సిన పని లేదు.

పార్టిషన్ చేసిన టేబుళ్ళలో ప్రత్యేకంగా ఏమైనా చూడాలా?

పార్టిషన్ అంటే పెద్ద టేబుల్‌ను నెలవారీగానో మరోలానో విడగొట్టిన ముక్క. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి పార్టిషన్ ఇండెక్సుకూ వేరే లెక్క ఉంటుంది. పాత నెలల పార్టిషన్లకు సున్నా రావడం సహజం. పీజీ_ఇన్హెరిట్స్ ద్వారా మాతృ ఇండెక్సుకు కలిపి మొత్తం చూడండి. పార్టిషన్‌ను విడదీసి తీసేసినప్పుడు ఆ మొత్తం పడిపోతుంది, దాన్ని రీసెట్ అనుకోకుండా ఉండాలంటే తేడాలు ముందు పార్టిషన్ వారీగా లెక్కించి ఆ తర్వాతే కూడాలి.